బోరు బండిలో నల్లమలకు

నల్లమలకు పోయేవాళ్లు మల్లన్న దర్శనానికో, సలేశ్వరం జాతరకో, అదృష్టముంటే పులి కనబడుతుందనో పోతారు. నేను బోరు బండిలో పోయాను. మీలో ఎవరూ అట్లా పోయి ఉండరు. పోవద్దు కూడా. నడుము పోతుందని కాదు, నడుము ఎట్లాగూ పోతుంది. పరువు పోతుంది.

నా పేరు జానయ్య. ఉండేది నల్గొండ. ఫిజిక్స్ సారుగా రిటైరయ్యాను. కొన్నేళ్లు అచ్చంపేట హైస్కూల్లో పాఠాలు చెప్పినప్పుడు ఆ చుట్టుపక్కల మనుషులు నచ్చి, మా చెల్లె సుగుణను అక్కడే అడవి అంచున ఉన్న ఒక ఊరికి ఇచ్చాం. ఆ ఊరి పేరు మాత్రం రాయను. "పేరు రాసినవంటే మల్ల ఎవడో మిషనేస్కొని దిగుతడు" అని చెల్లె నాతో ఒట్టు వేయించుకుంది. బావ ఉన్నాడు గానీ ఆమె ముందు నోరు తెరవడు. కాబట్టి ఈ యాత్రలోనూ ఆయన ఏమీ మాట్లాడడు.

నల్లమల కింద యురేనియం ఉందని, తవ్వుతారని ఊరూరా గొడవ నడుస్తున్న ఏడు అది. శ్రావణం వచ్చినా వాన లేదు. ఒకరోజు పొద్దున్నే చెల్లె ఫోన్ చేసింది.

"అన్నా, బోరు ఎండిపోయిందే. బత్తాయి చెట్లు నా కండ్ల ముంగట్నే ముడుసుకుంటున్నయి. ఎట్లన్న జేసి ఒక బోరు బండి తోల్కరా."

ఆ బత్తాయి మొక్కలు నేనే నల్గొండ నుంచి ఆటోలో పంపాను. నాలుగేళ్లు పిల్లల్లాగా పెంచింది. ఆ ఏడే తొలి కాపు. పిందెలు పట్టాయి, నీళ్లు పోయాయి. పది పదిహేను రోజుల్లో తడి తగలకపోతే కాయలే కాదు, చెట్లే దక్కవు.

"అచ్చంపేటల బండ్లు లేవానే?" అని అడిగాను.

"ఉన్నయి. మా ఊరికైతే ఎవ్వరు రానంటున్నరు."

"ఎందుకట?"

"ఏమో. నాకేమెరుక. నువ్వు తోల్కరా" అని ఫోన్ పెట్టేసింది. నా చెల్లెకు తెలియని సంగతి ఆ మండలంలోనే ఉండదు. అప్పుడే అనుమానపడాల్సింది. పడలేదు.

నార్కట్‌పల్లి

దక్షిణానికి పోవాల్సిన నేను ముందు ఉత్తరానికి పోయాను. బోరు బండ్లు ఆగేది నార్కట్‌పల్లి హైవే మీద, హోటళ్ల వెనక. అక్కడ దొరికాడు సెల్వం. తమిళనాడు మనిషి, బోరు వేసే రిగ్గుకు పెద్ద. ఏళ్లకేళ్లుగా మన దిక్కే తిరిగి తెలుగు నేర్చుకున్నాడు. ఆ తెలుగులో అన్ని క్రియలకూ ఒకటే తోక. "నీళ్లు వస్తాది సార్. బండి వస్తాది. మీరు ముందు కూర్చుంటాది."

బండి అంటే ఒకటి కాదు, రెండు లారీలు. ఒకదాని మీద రిగ్గు ఏనుగు తొండం మడిచినట్టు పడుకుని ఉంటుంది. ఇంకోదాంట్లో పైపులు, డీజిలు, గ్యాసుబండ, బియ్యం మూటలు, మురుగన్ పటం, మణి అనే వంటాయన. సెల్వం మనుషులది ఏడాదిలో చాలా నెలలు ఈ లారీల్లోనే కాపురం. మనకు ఇల్లు ఒకచోట, పని ఒకచోట. వాళ్లకు ఇల్లే పనికి పోతుంది.

బోరు ఎక్కడ వేయాలో పాయింటు చూసేందుకు నల్గొండ నుంచి ఖాజామియాను తీసుకొచ్చాను. తెల్లగడ్డం, మల్లెపువ్వులాంటి లాల్చీ, చేతిలో ఆకుపచ్చ రుమాల్లో చుట్టిన కొబ్బరికాయ. నిజానికి నేను తేలేదు, ఆయన లేకుండా బండి కదలదని సెల్వమే పట్టుబట్టాడు. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని చేనంతా నడుస్తారు. కింద నీళ్లున్నచోట కాయ దానంతట అదే నిలబడుతుందట. పట్టుకునేవాడిది ఓ పాజిటివ్ రక్తం కావాలట. మా జిల్లాలో పిల్లనిచ్చేటప్పుడు కూడా రక్తం గ్రూపు అడగరు గానీ, బోరు దగ్గర అడుగుతారు.

"ఖాజాభాయ్, కాయ లేసేది నీళ్లకు కాదు, చేతి వణుకుకు. నేను ముప్పై ఏండ్లు పిల్లలకు ఇదే చెప్పిన" అన్నాను.

"సై సారూ. మీరు చెప్పుండ్రి, నేను లేపుత. ఎవల పని వాళ్లది" అని నవ్వి చాయ్ ఊదుకున్నాడు. కాయను మాత్రం ఒడిలోంచి దించలేదు. దాని పిలకకు అత్తరు కూడా రాశాడు.

దేవరకొండ

బోరు బండి వేగం గురించి ఒక్క మాట. ఎడ్లబండి వాడు మమ్మల్ని దాటేసి, వెనక్కి తిరిగి చూసి జాలిపడ్డాడు.

దేవరకొండలో చాయ్‌కి ఆగాం. బెంచీ మీద ఒక ముసలాయన, తువ్వాలు తలకు చుట్టుకుని, లారీని పైనుంచి కిందికి చూశాడు.

"యురేనియం బండా?"

"కాదు పెద్దమనిషీ, నీళ్ల బోరు."

"గట్లనే అంటరు తియ్యి. మాది పెద్దగట్టు దిక్కు. ఎన్కట మా గుట్టల్ల గుడ జూసి పోయిండ్రు. గప్పటిసంది మాకు పిల్లనిచ్చేటోడు గుడ ఆలోచిస్తుండు."

"ఎందుకట?"

"పిల్ల చీకట్ల మెరుస్తదని భయం" అని పకపకా నవ్వాడు. నవ్వి, చాయ్ గ్లాసు కింద పెట్టాక ఆ నవ్వు అట్లాగే పోయింది. "నవ్వులాటకే అంటున్న సారూ. గని భయమైతే ఉంది. మీరు జర ఆ బండి మీద నీళ్ల బోరు అని పెద్దగ రాయించుకొని పోండ్రి."

మంచి సలహా. వినలేదు. సారు కదా, సలహాలు ఇవ్వడమే గానీ తీసుకోవడం అలవాటు లేదు.

డిండి

పొద్దుగూకే వేళకు డిండి చేరాం. చెరువుల్లో అడుగున బురదే మిగిలిన ఏడు గానీ, డిండి రోడ్డు పక్కన చేపలు వేయించే పొయ్యిలకు మాత్రం కరువు లేదు. కారం, అల్లంవెల్లుల్లి పట్టించి, ఎర్రగా కాల్చి, పేపరు మీద పెట్టి, పైన ఉల్లిగడ్డ నిమ్మకాయ. మా నల్గొండలో పులుసే చేస్తారు, చేపకు కూడా స్నానం చేయించాలన్నట్టు. ఇక్కడ వేయించింది తిన్నాక నా అభిప్రాయం మారింది.

తింటూ ఉండగా సెల్వం అడిగాడు. "సార్, అందరూ యురేనియం యురేనియం అంటాది. అది ఏమి సార్?"

ఫిజిక్స్ సారును యురేనియం గురించి అడగడమంటే కోతికి కొబ్బరికాయ ఇవ్వడమే. చేప చల్లారిపోయినా లెక్కచేయకుండా మొదలుపెట్టాను.

"అదొక బరువైన లోహం. రాళ్లల్లో కలిసి ఉంటుంది. శుద్ధి చేసి చిటికెన వేలి కొసంత గోలీలు చేస్తారు. ఒక్క గోలీ బండెడు బొగ్గు పెట్టు. ఆ వేడితో నీళ్లు కాగబెట్టి, ఆవిరితో కరెంటు తీస్తారు."

"అంటే ఇంత లొల్లి జేసి, ఆఖరికి నీళ్లు కాగబెట్టుడేనా?" అన్నాడు ఖాజామియా.

"అదే. కెనడాలో, ఆస్ట్రేలియాలో, నమీబియాలో తవ్వుతారు. మన దేశానికి కొంత ఓడల్లో వస్తుంది, కొంత ఇక్కడే తవ్వుకుంటారు. మన రాయిలో సరుకు తక్కువ. గుట్టంత రాయి తవ్వితే గుప్పెడు దొరుకుతుంది. అందరికంటే ఎక్కువ తీసేది కజకిస్తాన్. అక్కడైతే గనులు తవ్వనే తవ్వరు. వరసగా బోర్లు వేసి, లోపలికి ఆసిడ్ నీళ్లు పంపి, కరిగినదాన్ని మళ్లీ బోర్లలోంచే తోడుకుంటారు."

సెల్వం చేపముక్క వదిలేశాడు. "బోరా? సార్, అక్కడ మన రిగ్గుకి పని దొరుకుతాదా?"

"ఆడ గుడ కొబ్బరికాయతోటే పాయింట్ జూస్తరా?" అని ఖాజామియా.

"అక్కడ కొబ్బరిచెట్లే ఉండవు భాయ్."

"తోబా తోబా. మరెట్ల బతుకుతున్నరో" అని చెవులు పట్టుకున్నాడు.

"సార్, చీకట్లో మెరుస్తాదా?" అని మణి వంటగంటె ఎత్తి అడిగాడు. నేను చాలా గట్టిగా, వేలు చూపిస్తూ చెప్పాను: "మెరవదు. అది ఉత్త మాట. చదువుకున్నవాడెవడూ అట్లా అనుకోడు." ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. తర్వాత నా మెడకే చుట్టుకుంటుంది.

తెల్లారి డిండిలో జరిగింది చెప్పాలంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. మణి మా అందరికీ ఇడ్లీలు పెట్టాడు. చట్నీ అద్భుతం. పచ్చిమిర్చి, కొత్తిమీర, తాజా కొబ్బరి. ఖాజామియా రెండోసారి వేయించుకుని, నాలుక మీద ఏదో తట్టినట్టు ఆగాడు.

"సారూ, ఇండ్ల అత్తరు వాసనొస్తుంది."

అందరం మణి వైపు చూశాం. ఆకుపచ్చ రుమాలు ఉతికి లారీ అద్దానికి ఆరేసి ఉంది. "కొబ్బరి లేదు సార్. సీటు మీద ఒకటి ఉండె. మంచి కాయ" అన్నాడు మణి అమాయకంగా.

ఖాజామియా కండ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎన్నో ఊర్లల్లో నీళ్లు పట్టిన కాయ అది. కాసేపు ఇడ్లీ వంక చూస్తూ కూర్చున్నాడు. తర్వాత గిన్నె దగ్గరికి జరిగి, మిగిలిన చట్నీ అంతా తన పళ్లెంలోకి ఒంపుకున్నాడు. "పరాయోళ్ల కడుపుల ఎందుకు, నా కడుపులనే ఉండనియ్యి" అన్నాడు. కడిగిన చెయ్యి తుడుచుకుంటూ నల్గొండ బస్సు ఎక్కాడు. కొత్త కాయ చేతికి అలవాటు కావాలంటే నెల పడుతుందట. నేను నవ్వలేదు. ఒట్టు. బస్సు కనుమరుగయ్యేదాకా నవ్వలేదు.

అచ్చంపేట

అచ్చంపేటలో నా పాత రోజుల వీధులు గుర్తుపట్టలేనంత మారాయి. అడవి తేనె అమ్మే అవ్వలు మాత్రం ఉన్నారు. సీసా వంచి, తేనె ఎంత నెమ్మదిగా జారుతుందో చూపించి ధర చెప్పే పద్ధతీ ఉంది. మా దగ్గర తేనె కొనాలంటే లేబుల్ చదువుతాం. ఇక్కడ ఓపిక ఉంటే చాలు.

సెల్వం పోరు పడలేక కొబ్బరికాయ కొనడానికి ఒక కొట్టుకు పోయాను. కొట్టాయన అడిగిన మొదటి మాట, "గుడికా, బోరుకా?"

"తేడా ఏంది?"

"గుడిది పగులుతదా లేదా చూస్తం. బోరుది నీళ్లు గలగలమంటదా లేదా చూస్తం" అని చెవి దగ్గర ఊపి ఒకటి ఏరి ఇచ్చాడు. తర్వాత గొంతు తగ్గించి, "సారూ, అడవి దిక్కు పోతున్నరా బండితోని? పైలం. యురేనియం కోసం బోర్లేసి జూస్తరని ఆ దిక్కు ఊర్లల్ల బోరు బండిని రానిస్తలేరు. మొన్న మా అచ్చంపేట బండినే ఒక ఆడామె చీపురుగట్ట తోటి ఊరవతలి దాక తరిమింది" అన్నాడు.

"ఎవరామె?"

"ఏమో సారు. గయ్యాళిదంట. నల్గొండ దిక్కు పిల్లేనట."

నల్గొండ దిక్కు నుంచి ఆ అడవి అంచుకు వచ్చిన గయ్యాళి పిల్లలు ఎంతమంది ఉంటారు? నాకు తెలిసి ఒక్కతే.

ఊరి మొగదల

ఊరి దారికి అడ్డంగా ట్రాక్టరు, దాని ముందు ముళ్లకంప, కంప ముందు జనం. డప్పు మోగుతోంది. బండి కనబడగానే డప్పు ఆగింది. ముందు నిలబడ్డ వాడు మీసం మెలేసి, "ఇంజన్ బంద్ జెయ్యి" అని అరిచాడు. దిగిన నన్ను చూసి మీసం మీది చెయ్యి తీసేశాడు.

"సారూ! జానయ్య సారు! నేను మల్లేశును. తొమ్మిదో తరగతి. మీరు చెవి మెలేసిన మల్లేశును."

నా ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ ప్రాణం ఎక్కువసేపు నిలబడలేదు.

"సారైతే ఏంది? యురేనియం సర్వే వాళ్లు సార్లను ముంగట పెట్టుకొని వస్తరు. సంచి జూడుండ్రి" అన్నది ట్రాక్టరు ముందు పీట వేసుకుని కూర్చున్న ఒక ముసలావిడ. పేరు ఎల్లమ్మవ్వ. ఆ ఊరికి పెద్దదిక్కు. సంచి చూశారు. కండువా, మందుబిళ్లలు, కొబ్బరికాయ, నేను ఎక్కడికి పోయినా పట్టుకుపోయే దిక్సూచి.

"మిషను దొరికింది!" అని ఒకడు ఎగిరాడు. దిక్సూచి చేతులు మారింది. ముల్లు ఊగడం చూసి ఇద్దరు వెనక్కి జరిగారు. అప్పుడే సెల్వం, మణి ఏదో తమిళంలో మాట్లాడుకున్నారు. అంతే. "పైదేశం భాష! ఇండ్ల పైదేశపోళ్లు గుడ ఉన్నరు!" అని డప్పు మళ్లీ మొదలైంది.

మల్లేశు చేతులెత్తి ఆపాడు. "ఆగుండ్రి. ఒక్కటే పరీక్ష. సర్వే బండికి మిషను ఉంటది. నీళ్ల బండికి కొబ్బరికాయాయన ఉంటడు. సారూ, మీ పాయింటాయన ఎక్కడ?"

"నల్గొండ పోయిండు."

"ఎందుకు?"

ఏం చెప్పను? "ఆయన కొబ్బరికాయను చట్నీ చేసినం."

అబద్ధాల్లో ఇంత నాసిరకం అబద్ధం ఆ ఊళ్లో ఎవరూ విన్నట్టు లేరు. మణి మాత్రం తలూపి, "చట్నీ బాగుండె" అని సాక్ష్యం చెప్పాడు.

"సరే, మీరు పట్టుకోండి కాయ. మీ రక్తం గ్రూపేంది?" అన్నాడు దిక్సూచి పట్టుకున్నవాడు.

"ఓ పాజిటివ్."

"ఓ పాజిటివ్ అంట, ఓ పాజిటివ్" అని జనంలో గుసగుస పాకింది. కాస్త మర్యాద పెరిగింది. కానీ మల్లేశు ముఖం చిట్లించాడు.

"జర ఆగుండ్రి. మా సారు కొబ్బరికాయ పట్టడు. ఉత్తదే అని బోర్డు మీద బొమ్మేసి చెప్పిండు. నా చెవి మెలేసింది గుడ గందుకే, సైన్సు ఫేరుకు కొబ్బరికాయ తెచ్చిన్నని. ఇప్పుడీయన పట్టిండంటే మా జానయ్య సారే కాదు, ఆయన లెక్క ఏషమేసుకున్నోడు."

పట్టుకుంటే నేను నేను కాదు. పట్టుకోకపోతే నాది నీళ్ల బండి కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. మేం తెచ్చిందీ గొయ్యి తీసే బండే.

ఆ సమయానికి జనాన్ని చీల్చుకుంటూ వచ్చింది మా సుగుణ. చేతిలో చీపురుకట్ట. బండిని చూసింది, నన్ను చూసింది.

"గింత పెద్దది తెస్తవానే అన్నా? చిన్నగ, ఎవల కంట్లో పడకుంట తెమ్మంటే!"

"చిన్నగ దాచి తెచ్చుడానికి ఇది పుట్నాల పొట్లమా?"

జనం ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. మల్లేశు నోరు తెరిచాడు. "అక్కా, నువ్వా తెప్పిచ్చింది? బోరు బండి ఊర్లకొస్తే నా మీదికెళ్లి పోవాలె అని డప్పు కొట్టిచ్చింది నువ్వే గదా!"

అదీ సంగతి. చీపురుకట్ట నాయకురాలు మా చెల్లే. ఆ ఊరికి రామంటున్న బండ్లన్నిటినీ తరిమిందీ ఆమే. బండి రావద్దని డప్పు కొట్టించిన వారానికే ఆమె బోరు ఎండిపోయింది.

సుగుణ చీపురు కింద పడేసింది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఆమె అందరి ముందు తల దించడం అప్పుడే చూశాను.

"అవును, నేనే. బండి రావద్దన్నది నేనే, తెప్పిచ్చింది నేనే. నా చెట్లు సస్తున్నయి. రోజు పొద్దున లేసి కడవతోటి ఒక్కొక్క చెట్టుకు చెంబెడు పోస్తున్న. ఏ చెట్టుకు పోయాలె, ఏది వదలాలె? కొట్టేదుంటే కొట్టుండ్రి. బండిని వాపస్ పొమ్మంటే పంపిస్త. అడుగుతున్న, అంతే."

ఎల్లమ్మవ్వ పీట మీద నుంచి లేవకుండానే డప్పాయనకు సైగ చేసింది. ఆ ఊళ్లో డప్పు మీద పెట్టిన మాటను డప్పు మీదే ఎత్తేయాలట. ఆయన వీధివీధీ తిరిగొచ్చాడు. వద్దన్నవాళ్లు ఇంటి ముందు చెంబు బోర్లించాలి. తిరిగొచ్చి తల అడ్డంగా ఊపాడు. ఒక్క చెంబు కూడా బోర్ల లేదు.

"పోనియ్యుండ్రి" అన్నది ఎల్లమ్మవ్వ. "ఒక్క ముచ్చట సుగుణా. నీళ్లు పడ్డకాడ ఆపాలె. దాని కిందికి పోవద్దు. కింద ఏమున్నదో మనకు వద్దు. ఒట్టెయ్."

సుగుణ ఆమె చేతిలో చెయ్యి వేసింది.

బత్తాయి తోట

కాయ మాత్రం నేనే పట్టాల్సి వచ్చింది. ఇంకే పద్ధతైనా సర్వే లెక్కే అని ఊరు తేల్చింది. "మీరు సారే అని మేం ఒప్పుకున్నం. ఇప్పుడు భయం లేకుంట పట్టుండ్రి" అని మల్లేశు ధైర్యం చెప్పాడు. వాడి మీసాల్లో నవ్వు దాగడం లేదు.

మూతి ముడుచుకున్న ఆకుల మధ్య అరచేతిలో కొబ్బరికాయ, వెనక ఊరు ఊరంతా. తిట్టుకుంటూ నడుస్తున్నాను. మోటరు పెట్టె పక్కన రాయి తగిలి తూలాను. కాయ లేచి నిలబడింది. పడబోయి చెయ్యి అదిరింది, అంతే. ఇప్పటికీ అదే అంటాను. కానీ ఊరు ఈల వేసింది, సెల్వం అక్కడే సున్నం చల్లాడు, మల్లేశు నా చెవి దగ్గరికి వచ్చి, "సారూ, చేతి వణుకేనా?" అని అడిగాడు. వాడి చెవి మళ్లీ మెలేద్దామనిపించింది. ఇప్పుడు వాడికి నాకంటే పెద్ద చెయ్యి ఉంది.

కంప్రెషర్ మొదలయ్యేదాకా ఎల్లమ్మవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు పెట్టింది. యురేనియం ఎక్కడెక్కడ తవ్వుతారని అడిగితే కజకిస్తాన్ సంగతి, కెనడా సంగతి చెప్పాను. అంతా విని, "గా దేశంల గుడ నా అసొంటి ముసల్ది ఉంటదా, దారికి అడ్డం పీటేస్కొని?" అన్నది.

ముప్పై ఏళ్లు దేశాల పేర్లు బోర్డు మీద రాశాను. ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు, నాకూ తోచలేదు. "ఉండే ఉంటది అవ్వా" అన్నాను.

"ఉంటే మంచిదే" అని రొట్టె ఇంకొకటి వేసింది.

రిగ్గు దిగింది. తెల్లటి పొడి ఆకాశానికి లేచింది. ఊరంతా ముక్కుకు కొంగులు, తువ్వాళ్లు కట్టుకుంది. పొడి రంగు మారినప్పుడల్లా ఒకరు గుప్పెట్లో పట్టుకొచ్చి, "సారూ, ఇది గదేనా?" అని అడగడం. "కాదు" అన్నాను. "కాదు కాదు" అన్నాను. చివరికి నిజం చెప్పాను, "చూసి చెప్పలేను నాయినా, ఎవ్వరూ చెప్పలేరు." ఆ మాటకు నవ్వులన్నీ ఆగిపోయాయి. పొడి తెచ్చినవాడు దాన్ని మెల్లగా కింద పోసి, పోయి చేతులు కడుక్కున్నాడు.

మధ్యాహ్నం దాటాక తడి బురద వచ్చింది. తర్వాత నీళ్లు. ఉవ్వెత్తున కాదు. పిల్లవాడు పుక్కిలించి ఊసినంత. అయినా ఊరు కేక పెట్టింది. సెల్వం మిషను ఆపకుండానే చెవి పెట్టి విని, సుగుణ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఇది చాలదు. కింద బండ ఉంది, దాని కింద మంచి నీళ్లు ఉంటాది. ఇంకొంచెం పోతే తోట మొత్తం తడుస్తాది. పోదామా?"

సుగుణ చెట్ల వంక చూసింది. ఆ నీళ్లతో సగం తోట కూడా తడవదని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. చూస్తున్న వాళ్లందరికీ తెలుసు.

"అక్కా, పోనియ్యి. మేమేమనం" అన్నాడు మల్లేశు, మొదటిసారి మెల్లగా.

ఎల్లమ్మవ్వ కూడా అటు తిరిగి, "ఇంకింత పోతే ఏమైతది తియ్యి బిడ్డా" అన్నది. ఒట్టు వేయించుకున్న మనిషే వదిలేస్తోంది. నేనైతే పోనియ్యమనేవాణ్ణి. చదువుకున్నవాణ్ణి కదా, సాకులు చాలా దొరుకుతాయి.

"ఆపు" అన్నది సుగుణ.

"అమ్మా..."

"ఆపు అన్న గదా. నీళ్ల కోసం పోయినం, నీళ్లు పడ్డయి. కిందిది మనది కాదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. పొడి తుడుచుకుందో ఏడ్చిందో నేను అడగలేదు. ఆ సాయంత్రమే ఒక్కతే తోటలోకి పోయి, వదిలేయాల్సిన వరసలకు సున్నం గీత పెట్టుకుంటూ వచ్చింది. బావ ఆమె వెనక డబ్బా పట్టుకుని నడిచాడు. ముందే చెప్పాను కదా, ఆయన ఏమీ మాట్లాడలేదు.

సెల్వం రిగ్గు మడిచి సెలవు తీసుకుంటూ, "సార్, కజకిస్తాన్ వద్దు సార్. అక్కడ కూడా ఇలాంటి అమ్మ ఉంటాది" అన్నాడు.

మళ్లీ నల్గొండ

రెండు నెలలకు అచ్చంపేట బస్సులో ఒక సంచి వచ్చింది. డ్రైవరు ఇచ్చి పోయాడు. విప్పితే బత్తాయిలు. చిన్నవి, తోలు మందం, కొన్నిటి మీద ఎండ మచ్చలు. మిగిలిన సగం తోట కాపు. ఖాజామియాకు నాలుగు పంపాను. కొత్త కాయ ఇంకా చేతికి రాలేదని కబురు చేశాడు.

సాయంత్రం ఇంట్లో ఎవరూ లేరు. ఒక బత్తాయి చేతిలోకి తీసుకున్నాను. దేవరకొండ ముసలాయన గుర్తొచ్చాడు. నేను ఫిజిక్స్ సారును. యురేనియం మెరవదని డిండిలో వేలు చూపించి మరీ చెప్పినవాణ్ణి. లేచి తలుపు వేశాను. కిటికీ వేశాను. లైటు ఆర్పేసి, బత్తాయిని కండ్ల దగ్గర పెట్టుకుని చూశాను.

మెరవలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. సుగుణ.

"అందినయా అన్నా? ఎట్లున్నయి?"

"ఇంక తినలేదే."

"లైటు ఆర్పి చూస్తున్నవా?"

బత్తాయిని కండ్ల ముందు నుంచి దించి ఒళ్లో పెట్టుకున్నాను.

"మేం గుడ జూసినంలే. ఊరంత" అన్నది. "ఇగ తిను."

చీకట్లోనే వలుచుకుని తిన్నాను. నీళ్లు చాలని కాయ, పుల్లగా ఉంది. తొనలన్నీ తిన్నాను.